ఎత్తిన చేతులు

"తలుపు తియ్యండి అత్తయ్యా. మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు మీరు."

లోపలినుంచి జవాబు లేదు. కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం వినిపించింది. అంటే మనిషి మెలకువగానే ఉంది. మాట్లాడదలుచుకోలేదు, అంతే.

హెడ్మిస్ట్రెస్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. బడిలో ఆమె గొంతు సవరించుకుంటే చాలు, వరండా ఆ చివరిదాకా గప్‌చుప్. ఇంట్లో ఈ ఒక్క తలుపు ముందు మాత్రం పెళ్ళయిన కొత్తల్లో ఎలా నిలబడేదో ఇప్పటికీ అలాగే నిలబడుతుంది. అత్తగారు అదే బడిలో ఒకటో తరగతి టీచరు కావడం, కోడలు ఆవిడమీద అధికారి కావడం చూసేవాళ్ళకి వేడుకగా ఉంటుంది. పడేవాళ్ళకి తెలుస్తుంది దాని సంగతి.

"గేటు దగ్గర ఆ వడ్రంగి అన్న మాటలు మీరూ విన్నారుగా అత్తయ్యా. నేనేం సమాధానం చెప్పను?"

ఆ మాటలు తలుచుకుంటే ఆమెకింకా ఒళ్ళు మండుతూనే ఉంది. మండటం ఎవరిమీదో తేల్చుకోలేకపోవడం ఇంకో బాధ. ఆ వడ్రంగి కూతురు, రెండు జడల పిల్ల, ఇంటర్వెల్‌లో కుళాయి దగ్గర జారిపడింది. కనుబొమ పైన చీరుకుపోయింది. ఏడుస్తూ ఎవరి దగ్గరికీ పోలేదు. నేరుగా వచ్చి క్లాసులో తన చోట, ముందు వరసలో కూర్చుంది. గౌను అంచు నుదుటికి అదుముకుని చివరి గంటదాకా అలాగే కూర్చుంది. పెద్ద టీచరు, అంటే అత్తగారు, ఆ పిల్ల చేత పాఠం కూడా చదివించారు.

"టీచర్ చూళ్ళేదా అమ్మా?" అని గేటు దగ్గర తండ్రి అడిగితే, ఆ పిల్ల, "చూసింది. శభాష్ అంది" అని చెప్పింది.

అప్పుడైనా అత్తగారు ఏదో ఒకటి సర్దిచెప్పి ఉంటే బాగుండేది. ఆవిడ అందరిముందూ తల ఎత్తి, "చూశాను. చిన్న దెబ్బే అనుకున్నాను" అనేశారు. వడ్రంగి అరవలేదు. పిల్లని ఎత్తుకుని, "రేపు మా ఆవిడ వచ్చి మాట్లాడుతుంది" అన్నాడు. అరిచి ఉన్నా సరిపోయేది.

తలుపు తెరుచుకుంది. అత్తగారు ద్వారబంధం పట్టుకుని నిలబడ్డారు. బడికి కట్టుకున్న చీర ఇంకా మార్చలేదు.

"ఏం కావాలి నీకు?"

"మీరు చూసి ఊరుకున్నారంటే నేను నమ్మలేకపోతున్నాను."

"నమ్మకపోతే మానెయ్. చూశానని చెప్పానుగా, ఎన్నిసార్లు చెప్పించుకుంటావ్?"

"రక్తం కారుతోంది అత్తయ్యా! గౌనంతా తడిసిపోయింది. ఎదురుగా కూర్చుంది. దాన్ని చూసి కూడా పుస్తకం తీయమన్నారా?"

"అన్నాను. అయితే?"

"అదే వేరే టీచరెవరైనా చేసుంటే మీరు ఊరుకునేవారా? ఆ గేటు దగ్గరే దులిపేసేవారు కారూ?"

అత్తగారి మాట గట్టిగానే వచ్చింది.

"అమ్మాయ్, నువ్వు పలకా బలపం పట్టకముందు నుంచీ నేనా గదిలో నిలబడుతున్నాను. నిన్ను ఆ బడికి తీసుకొచ్చింది నేను. కమిటీవాళ్ళు తటపటాయిస్తుంటే ఆ కుర్చీలో నిన్నే కూర్చోబెట్టాలని పట్టుబట్టింది నేను. ఇప్పుడా కుర్చీని వంటింటిదాకా మోసుకొచ్చావా? అడగాల్సింది ఉంటే ఆఫీసులో అడుగు. మెమో ఇస్తావో, మానుకోమంటావో అక్కడే చెప్పు. ఇది నా ఇల్లు."

తలుపు మూసుకుంది. పళ్ళెం హెడ్మిస్ట్రెస్ చేతిలోనే ఉండిపోయింది.

ఆ మాట ఆమెకు తగలాల్సిన చోటే తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళెం తీసుకెళ్ళి వంటింట్లో బల్లమీద పెట్టి, మూత వెయ్యడం కూడా మర్చిపోయి, ముందుగదిలోకి వచ్చి కూర్చుంది.

ముందుగదిలో కూతురు మొహం మాడ్చుకుని కూర్చుని ఉంది. కూతురు కూడా అదే బడిలో టీచరు. మొన్న మొన్ననే చేరింది, రెండో తరగతి. పిల్లలు చిన్న టీచర్ అంటారు. ఒకే ఇంట్లో మూడు తరాల టీచర్లు, ఒకే రిజిస్టర్లో సంతకాలు. ఇది బడికి గొప్ప అని కమిటీవాళ్ళు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటారు.

"నానమ్మ చూళ్ళేదమ్మా" అంది కూతురు.

"ఆవిడే చూశానంటుంటే నువ్వు కాదంటావేంటే?"

"అబద్ధం చెప్పింది."

"ఎవరైనా మంచిపేరు కోసం అబద్ధం ఆడతారు. అంత చెడ్డపేరు కోసం ఆడతారా?"

కూతురు ఒక్కసారిగా ఏడ్చేసింది.

"నానమ్మకి కనబడదమ్మా. ఎదురుగా ఉన్నది కనబడదు. పక్కల ఏదో కాస్త మసగ్గా తెలుస్తుందిట. మనిషి మొహం చూద్దామంటే మొహం ఉండాల్సిన చోట ఏమీ ఉండదుట. కళ్ళ డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. వయసుతో వచ్చింది, పోయిన చూపు తిరిగి రాదన్నారు."

హెడ్మిస్ట్రెస్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు.

"రోజూ పుస్తకం పట్టుకుని పాఠం చెబుతుంటే..."

"పుస్తకం పట్టుకుంటుంది. చదవదు. పాత పుస్తకం అంతా ఆవిడకి నోటికి వచ్చు కదా, అందుకే ఎవరికీ తెలియలేదు. ఈ ఏడాది పుస్తకం మారింది."

"మరి?"

"నేను చదివి వినిపిస్తున్నాను."

ఆ మాటకు హెడ్మిస్ట్రెస్ బిక్కచచ్చిపోయింది. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆ నాయనమ్మా మనవరాలూ అరుగుమీద పక్కపక్కన కూర్చుని ఒకటో తరగతి వాచకం ముందేసుకునేవాళ్ళు. మనవరాలు చదివేది, నాయనమ్మ మళ్ళీ మళ్ళీ చెప్పేది. పెద్దావిడ చిన్నదానికి పాఠం చెప్పడం నేర్పుతోందని ఈ తల్లి మురిసిపోయింది. వాళ్ళకి అడ్డం రాకూడదని అటువైపు వెళ్ళడం కూడా మానేసింది. మా బడిలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని ఎలా తీర్చిదిద్దుతారో చూడండి అని కమిటీ మీటింగులో చెప్పుకుంది కూడా. అక్కడ ఎవరు ఎవరికి నేర్పుతున్నారో ఆమె తెలుసుకోలేదు.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

"తల్లిని! నాకు చెప్పొద్దా?"

"తల్లికి చెప్పొచ్చన్నదమ్మా. హెడ్మిస్ట్రెస్‌కి చెప్పొద్దంది."

అప్పుడే భర్త లోపలికి వచ్చాడు. నీళ్ళ సరఫరా ఆఫీసులో గుమాస్తా ఆయన. గొడవలున్న గదిలోకి వచ్చినట్టే వచ్చి చల్లగా జారుకోవడంలో ఆయనను మించినవాడు లేడు. ఈసారి మాత్రం భార్య ఆపింది.

"ఏమండీ, మీ అమ్మగారి కళ్ళ సంగతి మీకు తెలుసా?"

ఆయన కూతురి వైపు చూశాడు. చెప్పులు విడవబోయినవాడు విడవకుండా ఆగిపోయాడు.

"గ్లాసు ఇస్తే తడుముకుని తీసుకోవడం చూశాను."

"చూసి?"

"చూసి ఏం చెయ్యను? ఎవరికి చెప్పమంటావ్? మా ఆవిడకా, మా అమ్మ పై అధికారికా? ఇద్దరూ ఒక్క మనిషే అయి కూర్చున్నారు."

ఆయన అన్న దాంట్లో తప్పేం లేదు.

"ఇంకోటి కూడా ఉందమ్మా" అంది కూతురు కళ్ళు తుడుచుకుని. "నానమ్మ క్లాసులో చెయ్యి ఎత్తకుండా మాట్లాడకూడదు కదా. మొదటి రోజు నేర్పే పాఠమే అది. ఇవ్వాళ ఆ పిల్లకి దెబ్బ తగిలిందని చెబుదామని పిల్లలు చేతులెత్తారుట, బడి వదిలాక వాళ్ళే చెప్పారు. క్లాసు క్లాసంతా. నొప్పెడితే రెండో చేత్తో పట్టుకుని మరీ ఎత్తి కూర్చున్నారుట. నానమ్మ ఎవర్నీ పిలవలేదు. పిలవలేదు కాబట్టి వాళ్ళెవరూ నోరు విప్పలేదు."

హెడ్మిస్ట్రెస్ మొహం చేతుల్లో దాచుకుంది. పిల్లల్ని అంత చక్కగా పెంచిన టీచరు ఆ చుట్టుపక్కల లేదు. ఇప్పుడు ఆ చక్కదనమే కొంప ముంచింది.

"ఏం చేస్తావమ్మా?"

"చెయ్యాల్సింది చేస్తాను."

"అంటే?"

"ఆవిడ ఇంక ఆ గదిలో ఉండటానికి వీల్లేదు."

"అలా చేస్తే నేనూ రాను. ముందే చెబుతున్నాను. ఆ గది నాకివ్వాలని చూడకు. నానమ్మని లేపేసిన చోట నేను కూర్చోను."

"నువ్వు దాచబట్టే ఇంతదాకా వచ్చింది."

"నేను దాచబట్టే ఇన్నాళ్ళు ఆవిడ బతికిందమ్మా!"

మూసిన తలుపు వెనకనుంచి చిన్న దగ్గు వినిపించింది. ముగ్గురూ మాటలు ఆపేశారు.

మర్నాడు పొద్దున అత్తగారు ఎవరికోసమూ ఆగకుండా ముందే బడికి వెళ్ళిపోయారు. హెడ్మిస్ట్రెస్ వెళ్ళేసరికి స్టాఫ్ రూమ్‌లో ముగ్గురున్నారు. ఆమె తలుపు దగ్గరికి వేసి, కూర్చోకుండానే అడిగింది.

"పెద్ద టీచరుగారికి చూపు లేదన్న సంగతి మీలో ఎవరెవరికి తెలుసు?"

లెక్కల మాస్టారు కండువాతో కళ్ళజోడు తుడుచుకోవడం మొదలెట్టారు. బడిలో అత్తగారి తర్వాత వయసులో ఆయనే పెద్ద. హెడ్మిస్ట్రెస్‌కు చిన్నప్పుడు ఎక్కాలు చెప్పిన మనిషి. ఎక్కాలు రాకపోతే చెవి మెలిపెట్టిన మనిషి కూడా.

"మాస్టారూ, మిమ్మల్నే."

"తెలుసమ్మా" అన్నారాయన. "పొద్దున మెట్లెక్కేటప్పుడు నేను పక్కనే నడుస్తూ ఏదో ఒకటి వాదన పెట్టుకుంటాను. వాదిస్తూ చెయ్యి పట్టుకుంటాను. ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. మాకిద్దరికే తెలుసనుకున్నాను."

సైన్సు టీచరు ఆయనవైపు ఆశ్చర్యంగా చూసింది. హెడ్మిస్ట్రెస్ ఈడుది ఆమె. అన్నీ రూలు ప్రకారం జరగాలని పట్టుబట్టే మనిషి.

"మీకూ తెలుసా మాస్టారూ? నేనొక్కదాన్నే అనుకున్నాను. ఒకటో తరగతి కాపీ పుస్తకాలు నేను దిద్దుతున్నాను మేడం. కళ్ళు నెప్పెడుతున్నాయమ్మా, కాస్త చూసిపెడతావా అని ఒకరోజు అడిగారు. తర్వాత అడక్కుండానే బల్లమీద పెట్టి వెళ్ళేవారు."

మూలన నిలబడ్డ ఆటల టీచరు నీళ్ళు నమిలాడు. కుర్రవాడు. మెడలో ఈల లేకపోతే చొక్కా వేసుకోనట్టే ఉంటాడని అందరూ విజిల్ సార్ అంటారు. పెద్దవాళ్ళకి వాడంటే లెక్కలేదు, వాడికి పెద్దవాళ్ళంటే భయం.

"గంట కొట్టకముందు బోర్డుమీద నేను రాసిపెడుతున్నాను మేడం. పెద్ద టీచరుగారి రాతలాగే రాస్తున్నాను. నా రాత కాస్త కుదురుకుంది కూడా."

ఇంకో రోజైతే అందరూ నవ్వేవాళ్ళు.

హెడ్మిస్ట్రెస్‌ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ బడి తన చేతికి వచ్చిన రోజు నుంచీ ఆమె పడ్డ తిప్పలన్నీ వీళ్ళని కలపడానికే. మాస్టారికి సైన్సు టీచరంటే పడదు. సైన్సు టీచరుకి కుర్రవాళ్ళంటే పడదు. కుర్రవాళ్ళు పెద్దవాళ్ళు రాగానే సెల్‌ఫోన్ జేబులో పెట్టుకుని లేచి వెళ్ళిపోతారు. అలాంటిది ఈ ఏడాది ఎందుకో అందరూ ఒకరినొకరు కసురుకోవడం తగ్గింది. తన పనితనమే అనుకుంది పిచ్చిది. ఒక ముసలామె గుడ్డితనాన్ని తలా ఓ చెయ్యి వేసి మోస్తున్నారని, ఆ బరువు మోయడంలో మెత్తబడ్డారని ఆమెకేం తెలుసు?

"నాకొక్కదానికే తెలియదన్నమాట."

"మేడం, మీ అత్తగారు కదా, మీకు తెలిసే ఊరుకున్నారనుకున్నాను" అంది సైన్సు టీచరు.

"తెలిస్తే ఊరుకుంటానా? చిన్నపిల్లలమ్మా! రేపు ఎవరైనా బలపం మింగితే? ఎవరైనా స్పృహ తప్పితే?"

"అందుకే చెప్పలేదు" అన్నారు లెక్కల మాస్టారు నెమ్మదిగా. "చూడమ్మా, తెలిసినా ఏమీ చెయ్యకుండా ఉండే వీలు మాకుంది. నీకు లేదు. తెలిసిన మరుక్షణం నువ్వు ఆవిడని పంపించెయ్యాలి. ఆవిడ వెళ్ళేది ఎక్కడికి? నీ ఇంటికే. పొద్దున్నే లేచి నువ్వు బడికి వస్తుంటే ఆవిడ గుమ్మంలో కూర్చుని చూడాలి. చూడటానికి కళ్ళు కూడా లేవు."

"పెద్దవాళ్ళయితే ఒక న్యాయం, మాకయితే ఒకటి" అంది సైన్సు టీచరు ఉన్నట్టుండి. ఆమె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. "రేపు నాకిలా అయితే నా కాపీలు ఎవరు దిద్దుతారు? ఈ విజిల్ సార్ దిద్దుతాడా?"

"దిద్దుతాను మేడం" అన్నాడు విజిల్ సార్.

సైన్సు టీచరు వాడివైపు చూసి, మొహం తిప్పుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నాకో సంగతి చెప్పమ్మా" అన్నారు మాస్టారు. ఆయన కుడి చెయ్యి వణకడం ఈమధ్య అందరూ చూస్తూనే ఉన్నారు. ఆ చేతిని ఆయన ఎడమ చేత్తో పట్టుకున్నారు. "ఆవిడ తర్వాత నేనేగా?"

చెవి మెలిపెట్టి లెక్క నేర్పిన మనిషి అడుగుతున్న మాట అది.

ఆయా వచ్చి తలుపు తట్టింది. "మేడం, ఆ వడ్రంగి భార్య వచ్చింది. ఆఫీసులో కూర్చోబెట్టాను. పాపని తీసుకురాలేదు."

వడ్రంగి భార్య సన్నగా, పొట్టిగా ఉంది. హెడ్మిస్ట్రెస్‌ను చూసి లేచి నిలబడింది. గొడవ పెట్టుకునే మనిషి కాదని మొహమే చెబుతోంది.

"పాపకి ఎలా ఉందమ్మా?"

"కుట్లు పడ్డాయి మేడం. కన్నుకి ఏం కాలేదన్నారు, అదృష్టం. బడికి వెళ్తానని పేచీ పెడుతోంది. టీచర్ శభాష్ అంది, ఇవ్వాళ కొత్త పాఠం అని ఒకటే గోల." ఆమె కొంచెం ఆగింది. "నేను కంప్లైంట్ ఇవ్వడానికి రాలేదు మేడం. పెద్ద టీచరుగారు నాకూ చెప్పారు చిన్నప్పుడు. ఆవిడ చూసి ఊరుకునే మనిషి కాదు. ఏదో అయింది ఆవిడకి. అదేంటో మీరు నాకు చెప్పక్కర్లేదు. రేపట్నుంచి మా పిల్లని ఎవరి ముందు కూర్చోబెడతారో అది చెప్పండి చాలు."

"ఇక్కడే కూర్చోండి. ఇప్పుడే వచ్చి చెబుతాను" అంది హెడ్మిస్ట్రెస్.

వరండా పొడుగునా నడుస్తూ ఆమె మాటలు కూడబెట్టుకుంది. అత్తయ్యా, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి అనాలా? అది అబద్ధం. ఆఫీసు దాకా ఒకసారి రండి అనాలా? అది పిరికితనం. రెండో తరగతి కిటికీలోంచి కూతురు చూస్తోంది. కళ్ళూ కళ్ళూ కలిశాయి. కూతురు తల తిప్పుకుంది.

ఒకటో తరగతి గది బయట చిన్న చిన్న చెప్పులు వరసగా ఉన్నాయి. పిల్లలు చాపలమీద కూర్చునే గది కాబట్టి అందరూ చెప్పులు బయటే విడిచి రావాలని పెద్ద టీచరు పెట్టిన పద్ధతి. కమిటీ పెద్దలు వచ్చినా విడవాల్సిందే. హెడ్మిస్ట్రెస్ కూడా విడిచి, వట్టికాళ్ళతో గుమ్మంలోకి వెళ్ళింది.

పిల్లలు లేవబోయారు. ఆమె వద్దని చెయ్యి ఊపింది. కూర్చుండిపోయారు.

పాఠం నడుస్తోంది. కొత్త పుస్తకంలో పాఠమే. నిన్న సాయంత్రం అరుగుమీద ఎవరూ చదివి వినిపించలేదు గనక అంతకు ముందు నేర్చుకున్న పాఠమే మళ్ళీ చెబుతున్నారావిడ. ఎంత బాగా చెబుతున్నారని! వాన కురవని ఊరిగురించి చెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. ఈ గొంతుని ఆపెయ్యమని ఎలా చెప్పాలి?

ముందు వరసలో ఒక పిల్లాడు చెయ్యి ఎత్తాడు. గుమ్మం వైపు చూపిస్తూ ఇంకో పిల్ల ఎత్తింది. ఇంకొకరు. పెద్ద మేడం వచ్చారని వాళ్ళ టీచరుకి చెప్పాలని వాళ్ళ ఆరాటం. చేతులన్నీ గాల్లో అలాగే ఉన్నాయి. అత్తగారు ఆ చేతుల మీదుగా చూస్తూ పాఠం చెప్పుకుపోతున్నారు.

విన్నప్పుడు హెడ్మిస్ట్రెస్ తట్టుకుంది గానీ చూస్తే తట్టుకోలేకపోయింది.

గుమ్మంలో వెలుతురు తగ్గినట్టు తెలిసిందేమో, ఆవిడ పాఠం ఆపారు. తల ఒక పక్కకు తిప్పి, కంటి చివరినుంచి చూడబోయారు.

"ఎవరు? పాప వాళ్ళ అమ్మగారా?"

హెడ్మిస్ట్రెస్ మాట్లాడలేదు. మోసం చెయ్యాలని కాదు. నోరు పెగల్లేదు.

"వస్తారని మీ ఆయన అన్నారు. రండమ్మా." ఆవిడ గుమ్మం వైపు రెండడుగులు వేసి, పిల్లలకు వినబడకుండా గొంతు తగ్గించారు. "పాపకెలా ఉంది? నిన్న చూశానని చెప్పాను మీ ఆయనకి. చూళ్ళేదమ్మా. నాకు కళ్ళు కనబడవు. పంతమో, సిగ్గో, చెప్పలేకపోయాను. రాక్షసి అనుకున్నా ఫర్వాలేదు గానీ గుడ్డిదని తెలియకూడదనుకున్నాను. చూడండి నా బుద్ధి."

కోడలు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఇంట్లో కూడా చెప్పలేదు. మా కోడలే ఇక్కడ హెడ్మిస్ట్రెస్, మీకు తెలుసుగా. నిన్న దాన్ని నానా మాటలూ అన్నాను. ఆ కుర్చీ నేనిప్పించానని కూడా అన్నాను. ఎవరిప్పించారు? దాని కష్టంతో అది తెచ్చుకుంది. దానికి తెలిస్తే నన్ను పంపెయ్యాలి. పంపిస్తే అది రాత్రీ పగలూ కుమిలిపోతుంది. ఎదుటిమనిషిని నొప్పించడం దానికి చేతకాదు. దాని చేత ఆ పని చేయించకూడదని ఇన్నాళ్ళూ లాక్కొచ్చాను." ఆవిడ ఆగి, ఊపిరి పీల్చుకున్నారు. "అది కూడా పూర్తి నిజం కాదులెండి. ఈ గది లేకపోతే నేనేం చెయ్యాలో నాకు తెలియదు. అదీ అసలు సంగతి."

పిల్లలు ఎత్తిన చేతులు దించి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"ఒక్క మాట చెప్పండమ్మా. నన్ను చూసి మొహమాటపడకండి. పాపకి తగ్గాక మళ్ళీ నా క్లాసుకి పంపుతారా?"

ఆ ప్రశ్న కోడల్ని అడిగి ఉంటే తప్పించుకోవచ్చు. హెడ్మిస్ట్రెస్‌ని అడిగి ఉంటే కమిటీ మీద పెట్టొచ్చు. ఒక తల్లిని అడుగుతున్నారు. తల్లి చెప్పే జవాబు ఒక్కటే ఉంటుంది.

"పంపను అత్తయ్యా."

అత్తగారు కదల్లేదు. చేతిలో పుస్తకం గుండెలకి దగ్గరగా వచ్చింది. మొహంలో మొదట భయం, తర్వాత కోపం, తర్వాత అవి రెండూ పోయి అలసట మాత్రం మిగిలింది. ఎంతసేపట్నుంచి నిలబడ్డావని ఆవిడ అడుగుతారనుకుంది కోడలు. అడగలేదు. అరుస్తారనుకుంది. అరవలేదు.

"నేనైనా పంపను" అన్నారు చివరికి.

కోడలు ముందుకు వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. విసురుగా కాదు, పిల్లల ముందు వద్దన్నట్టు. చీర కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడి, కోడలి గొంతు వచ్చిన వైపు తిరిగారు.

"పాఠం సగంలో ఉంది. ముగించుకోవచ్చా, మేడం?"

ఇంతకాలంలో అత్తగారు ఆమెను ఆ పిలుపు పిలవడం అదే మొదలు. ఆఫీసులో ఒక తల్లి జవాబు కోసం కూర్చుని ఉంది. పక్క గదిలో రెండో తరగతి పిల్లలు అల్లరి చేస్తున్నారు, అంటే అక్కడ టీచరు లేదు. హెడ్మిస్ట్రెస్ వెనక్కి తిరిగి చూసేసరికి కూతురు భుజాన సంచీ తగిలించుకుని గేటు వైపు నడుస్తోంది.

"అడిగింది నిన్నే" అన్నారు అత్తగారు.